గురవయ్య కిటికీ

డబ్బా మీద బొమ్మలో అంతా సులువుగానే ఉంది. నవ్వుతున్న ఇల్లాలు, తెల్లటి సోఫా, పక్కన బల్ల మీద పూలకుండీ, ఆ కుండీ పక్కన ఇంటర్నెట్ పెట్టె. ప్లగ్గు పెట్టండి, ఆన్ చెయ్యండి, అంతే. మనిషి రానక్కర్లేదు, గోడకు బెజ్జం కొట్టనక్కర్లేదు, ఇంట్లో ఎక్కడ పెట్టుకున్నా పనిచేస్తుంది అని రాశారు. ఎక్కడ పెట్టుకున్నా పనిచేస్తుందట! ఆ ముక్క రాసినవాడు కోదాడలో రెండు రైస్‌మిల్లుల మధ్య ఇరుక్కున్న ఇంట్లో ఒక్కపూట కాపురం చేసి ఉంటే సిగ్గుపడి చెరిపేసేవాడు.

ఆ ఇల్లు గురవయ్యది. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ మిల్లుల్లోనే బస్తాలు మోసి, మోసిన కూలి కూడబెట్టి కట్టుకున్న రెండు గదుల స్లాబు ఇల్లు. కుడివైపు ఒక మిల్లు గోడౌను, ఎడమవైపు ఇంకో మిల్లు గోడౌను, రెండూ ఇంటికంటే ఎత్తు, రెండూ ఇనుప రేకులే. ఫోను పట్టుకుని లోపలికి వస్తే సిగ్నలు గడప దగ్గరే ఆగిపోయేది. మామూలు మనుషులకు దాంతో వచ్చిన నష్టమేమీ లేదు. వీధిలోకి పోయి ఒక చెవి మూసుకుని ‘హలో, ఇనబడ్తున్నదా’ అని నాలుగు కేకలేస్తే పని అయిపోతుంది. ఆ ఇంటి కోడలు నవనీతకే ఆ వీలు లేదు. ఆమెకు పుట్టుకతోనే చెవులు వినపడవు, నోట మాట రాదు.

నవనీత పుట్టింది నడిగూడెంలో. ఆమెకంటే ముందు పుట్టిన అక్క భాగ్యకూ వినపడదు. తల్లి నాట్లకూ కలుపులకూ పోయే మనిషి. ఇద్దరినీ చూసుకుని ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తర్వాత ఏడవడానికి తీరిక లేక మానేసింది. చెవిటి పిల్లలకు బడి ఎక్కడో దూరాన ఉందని ఎవరో చెప్పారు గానీ, తీసుకుపోయి చేర్పించే దిక్కెవరు? అందుకని ఆ పిల్లలిద్దరూ పొలం గట్ల మీద కూర్చుని తమకు తామే ఒక భాష కట్టుకున్నారు. వానకు ఒక సైగ, ఉరుముకు ఇంకొకటి. వినపడని పిల్లలకు ఉరుమెందుకు అనకండి, ఉరిమితే ఛాతీ అదురుతుంది కదా, ఆ అదురే సైగ. అంగడికి ఒకటి, అబద్ధాలకోరు మేనమామకు ఒకటి, కడుపు నిండిందనడానికి ఒకటి, నిండకపోయినా అమ్మ దగ్గర నిండిందని చెప్పమనడానికి మరొకటి. లోకంలో ఆ భాష పూర్తిగా తెలిసినవాళ్ళు ఇద్దరే. కన్నతల్లికి కూడా సగమే అర్థమయ్యేది, ఆమె ఇప్పుడు లేదు.

భాగ్యను మిర్యాలగూడలో సైదులుకిచ్చారు. అతను మొదటి భార్య పోయినవాడు, కూతుళ్ళు పెళ్ళిళ్ళై అత్తారిళ్ళకు వెళ్ళిపోయారు, ఇంట్లో ఒక మనిషి కావాలి. చెడ్డవాడేం కాదు. అన్నం, నీళ్ళు, రా, పో, పడుకో, ఈపాటి సైగలు నేర్చుకుని కాపురానికి అవి చాలనుకున్నాడు. మాటలొచ్చిన మొగుళ్ళు మాత్రం అంతకు మించి ఏం మాట్లాడుతున్నారు గనక! నవనీత అదృష్టం కాస్త మెరుగు. ఆమె మొగుడు, గురవయ్య కొడుకు ఉపేందర్, మిల్లులో మిషన్ దగ్గర పనిచేస్తాడు. ఆ హోరులో పగలంతా చేతులతోనే ఒకరికొకరు చెప్పుకుంటారు కాబట్టి పెళ్ళాం చేతులు అతనికి వింతగా అనిపించలేదు. మెల్లమెల్లగా ఆమె చెప్పేదాంట్లో సగానికి పైగా పట్టుకున్నాడు.

అత్త ఐలమ్మ సంగతి వేరు. ఆమె నోరు పొద్దున లేస్తే ఆగదు, చేతులు మాత్రం ససేమిరా కదలవు. చేతులు తిప్పుతూ మాట్లాడితే వీధిలో నవ్వుతారని సిగ్గు. అందుకని కోడలికి ఏమన్నా చెప్పాలంటే గొంతు పెంచి అరిచేది. గట్టిగా అరిస్తే చెవిటిదానికి వినపడుతుందా? అయినా అరిచేది. నవనీత ఆ పెదాలు చూసి, మొహం చూసి, ఇది ఉప్పు గొడవో చీపురు గొడవో తేల్చుకుని పనిలో పడేది. ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. ‘మూగామె కుడితే మెడకాడ ముడత రాదు’ అని ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల ఆడవాళ్ళూ ఆమె దగ్గరికే వచ్చేవారు.

భాగ్యకు కిడ్నీలు చెడిపోయాయని తెలిసింది పెళ్ళయిన కొన్నేళ్ళకు. వారంలో మూడుసార్లు దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆమెకు ఎక్కడ నొప్పో, కళ్ళు తిరుగుతున్నాయో, కాళ్ళు లాగుతున్నాయో సైదులుకు అర్థం కాదు. అన్నం, నీళ్ళు, రా, పో అన్న సైగలతో రోగం ఎట్లా చెప్తుంది? ఆమె చెప్పేది చెల్లెలికే తెలియాలి, చెల్లెలు ఉపేందర్‌కు చెప్పాలి, ఉపేందర్ సైదులుకు ఫోన్లో చెప్పాలి. సైదులు దవాఖానలో నర్సమ్మకు చెప్పాలి. ఇంత దూరం తిరిగి వచ్చేది భాగ్య నొప్పి.

దీనికి వీడియో కావాలి. ఒట్టి వీడియో చాలదు, కదిలే వీడియో కావాలి. మనం మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోయినా గొంతు వస్తూనే ఉంటుంది, పని గడుస్తుంది. వాళ్ళకు బొమ్మ ఆగితే నోరు నొక్కేసినట్టే. పైగా సైగకు రెండు చేతులూ కావాలి, ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. దేనికో ఒకదానికి ఆనించాలి, మొహం మీద వెలుతురు పడాలి. వీధిలో నిలబడి చేస్తే వచ్చేపోయేవాళ్ళంతా తమాషా చూస్తారు. మిద్దె మీదికి పోతే, చుట్టూ ఉన్న కాలేజీ హాస్టళ్ళ పిల్లలంతా ఫోన్లలో ఉండే సాయంకాలానికి బొమ్మ ముద్దకట్టి ఆగిపోయేది.

ఉపేందర్ ఇంటికి ఇంటర్నెట్ పెట్టిద్దామన్నాడు. మిద్దె మీద గొట్టం పాతి దానికి యాంటెన్నా బిగించేది ఒక రకం ఉంది. గురవయ్య ఒప్పుకోలేదు.

“స్లాబుకు బెజ్జమా? నీకేమన్న తలకాయ ఉన్నదారా? ఇప్పటికే వానాకాలం మీ అమ్మ గిన్నెలు పెట్టుకుంట తిరుగుతది. గిది వద్దు. ఇంట్ల పెట్టుకునేది సూడు,” అన్నాడు.

అట్లా వచ్చింది ఆ పెట్టె. ఉపేందర్ డ్యూటీలో ఉండగా ముసలాయనే విప్పాడు. ఐలమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. ఎర్ర లైటు. ఫ్రిజ్ మీద పెట్టారు, ఎర్ర లైటు. బీరువా మీద, కుట్టుమిషన్ మీద, వంటింటి గట్టు మీద పెట్టారు, అన్నిచోట్లా ఎర్ర లైటే. గురవయ్య పొడవాటి వైరు తగిలించుకుని, పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఆ పెట్టెను రెండు చేతుల్లో పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే, నవనీత వెనకాలే ఫోన్లో సిగ్నలు గీతలు చూసుకుంటూ తిరిగింది. చివరికి వెనక గదిలో, ఆయన మంచం పక్క కిటికీలో పెడితే లైటు తెల్లబడింది. ఆ కిటికీలోంచి చూస్తే రెండు గోడౌన్ల మధ్య మూరెడు సందు, ఆ సందు చివర ఆకాశంలో టవరు కనిపిస్తుంది. ఇల్లంతటికీ టవరు కనిపించే చోటు అదొక్కటే.

“దొరికిందే! నా మంచంకాడనే ఉన్నది!” అని ముసలాయన చిన్నపిల్లాడిలా గంతేశాడు.

ఆ రోజు నుంచి వెనక గది అక్కాచెల్లెళ్ళదైంది. ఫోను చేతిలో పట్టుకుని ముందు గదిలోకి వస్తే గోడ అడ్డమై బొమ్మ చెదిరేది కాబట్టి, నవనీత మామ మంచం మీదే ఒక కొసకు కూర్చుని, ఫోను కిటికీ ఊచలకు ఆనించి మాట్లాడేది. గురవయ్య కాళ్ళు ముడుచుకుని ఇంకో కొసకు జరిగి చూస్తూ ఉండేవాడు. భాగ్య నొప్పి సంగతులు ముందు అయిపోయేవి. తర్వాత నడిగూడెం, మేనమామ అబద్ధాలు, ఎవరింటి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టింది, ఇట్లాంటివి. ఇద్దరూ నవ్వితే శబ్దం రాదు, భుజాలు ఊగుతాయి. ముసలాయనకు ఏమీ అర్థమయ్యేది కాదు గానీ వాళ్ళు నవ్వినప్పుడల్లా తనూ నవ్వేవాడు.

“ఏందే, టీవీ కన్న మంచిగున్నది. నువ్వు పగలంత వాగినా గింత ముచ్చట ఉండదు,” అని పెళ్ళాన్ని ఉడికించేవాడు. ఐలమ్మ మూతి ముప్ఫై వంకరలు తిప్పేది.

మొదటిసారి ఎవరో తమను తిట్టకుండా, జాలిపడకుండా, ఊరికే చూస్తూ కూర్చున్నారని నవనీతకు అనిపించింది. కన్నతండ్రి మొహం ఆమెకు సరిగా గుర్తులేదు. ఈయనంటే ప్రాణం పెట్టింది.

ఆయన ఒక మధ్యాహ్నం అన్నం తిని ఆ మంచం మీదే పడుకుని మళ్ళీ లేవలేదు. నవనీత మజ్జిగ తీసుకుపోయి భుజం తట్టింది, ఇంకోసారి తట్టింది, చెంప మీద చెయ్యి పెట్టింది. ఆమె నోట్లోంచి వచ్చిన కేకకు వీధిలోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆ కేక ఆమెకు వినపడలేదు.

కర్మలు చేయించే అయ్యగారు పంచాంగం తిరగేసి మొహం చిట్లించాడు. గురవయ్య పోయింది ధనిష్ఠలో. ఆ నక్షత్రంలో పోతే మంచిది కాదు, ఆ ఇంట్లో ఇంకో మనిషి పోతుంది, ఇల్లు ఆర్నెల్లు విడిచిపెట్టాలి అన్నాడు.

“ముగ్గురం ఎటు పోతం అయ్యగారూ? ఆర్నెల్లు కిరాయి ఇంట్ల ఉండేటోళ్ళమా మేము?” అన్నాడు ఉపేందర్.

“అయితే ప్రాణం పోయిన గదన్నా మూసెయ్యండి. కిటికీ కూడా. ఆర్నెల్లు అడుగు పెట్టొద్దు, దీపం పెట్టొద్దు.”

ఐలమ్మ ఇంకో మాట లేకుండా ఆ గది మూసేసింది. గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టింది. ఇద్దరు కొడుకులను కని, పెద్దవాణ్ణి పాలబుగ్గల వయసులోనే మట్టిలో పెట్టిన తల్లి ఆమె. మిగిలింది ఈ ఉపేందర్ ఒక్కడు. పుస్తెలు తీసేసిన మెడలో దారం కట్టుకుని దానికి ఆ తాళంచెవి వేసుకుంది.

పెట్టె మాత్రం ఉపేందర్ ముందే బయటికి తెచ్చాడు. మళ్ళీ మొదలు. ఫ్రిజ్ మీద, బీరువా మీద, గుమ్మం పక్కన స్టూలు మీద. ఎర్ర లైటు. మిద్దె మీదికి పొడుగు వైరు లాగి, పెట్టె మీద ప్లాస్టిక్ టబ్బు బోర్లించి చూద్దామనుకున్నాడు. లైటు తెల్లబడేలోపే కోతులు దిగాయి. ఒకటి టబ్బు ఎత్తుకుపోయింది, ఒకటి వైరు పట్టుకుని లాగింది, కోతికీ ఉపేందర్‌కూ మధ్య గుంజులాటలో పెట్టె మెట్ల మీద దొర్లి ఒక పక్క పగిలింది. అదృష్టం, పనిచేస్తోంది. కంపెనీకి ఫోన్ చేస్తే అది ఇంట్లో పెట్టుకునేది, బయట పెట్టకూడదన్నారు. బయట పెట్టే యాంటెన్నా బిగించడానికి మనిషిని పంపండి, స్లాబుకు బెజ్జం పడితే పడనీయండి అంటే, ఇయాళ రేపు అని తిప్పారు.

“అమ్మా, పది నిమిషాలు తియ్యే. పెట్టె కిటికీల పెట్టి బయటికి వస్త. మళ్ళ ఏసుకో తాళం,” అని ఉపేందర్ బతిమాలాడు.

“నీకేమన్న అయితే నేనేం కావాలె? నిన్ను ఎవలు తెచ్చిస్తరు నాకు? ఆ పిల్లకు అక్క ముఖ్యం, నాకు నువ్వు ముఖ్యం. నేను తియ్య.”

నవనీత అత్త కాళ్ళ మీద పడింది. ఐలమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుని మొహం అటు తిప్పుకుంది. మొహం తిప్పుకుంటే నవనీతకు ఇక చెప్పడానికి ఏముంది? ఎదుటి మనిషి చూడకపోతే ఆమె దగ్గర మాటే లేదు. ఆ రోజు ఆమెకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కుడుతున్న జాకెట్టు మధ్యకు చింపి పారేసింది.

మిర్యాలగూడకే పోతానని ఒక పొద్దున బస్టాండుకు బయల్దేరింది. ఉపేందర్ వెంటపడి వెనక్కి తెచ్చాడు. సైదులు వైపు పెద్దలు ఒప్పుకోలేదట, చెడు నక్షత్రం ఇంట్లో నుంచి మనిషి రోగి ఉన్న ఇంటికి రాకూడదట. ఉపేందర్ ఆ ముక్క చెప్పలేక చెప్పలేక చేతులతో చెప్పాడు. అతనికీ లోపల భయమే. చచ్చినాయన మీద ప్రేమ, బతికున్నవాళ్ళకు ఏమవుతుందోనన్న భయం, ఈ రెండూ కలిసి ఆ ఇంట్లో ఎవరినీ కదలనివ్వలేదు.

మిద్దె మీద నుంచి ఫోనులో మాట్లాడడానికి నవనీత రోజూ ప్రయత్నించింది. నీళ్ళ ట్యాంకుకు ఫోను ఆనించి చేతులు ఎత్తేది, అక్క మొహం ఒక్క క్షణం కనిపించి గడ్డకట్టేది. తన మొహం అక్కడ ఎట్లా కనిపిస్తోందో ఆమెకు తెలియదు. అట్లా కొన్నాళ్ళు పోయాక అటు నుంచి ఫోను ఎత్తడం కూడా మానేశారు.

తర్వాత సైదులు దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఉపేందర్ డ్యూటీ దిగి వచ్చి వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఐలమ్మ పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది. ఫోనులో సైదులు గొంతు ఆమెకూ వినపడుతోంది.

“తమ్మీ, మీ వదిన తింటలేదు. దవాఖానకు రమ్మంటే గుంజ పట్టుకుని కూసుంటున్నది. రెండుసార్లు డయాలసిస్ తప్పింది. ఎందుకో నాకు తెలుస్తలేదు, కొట్టి తీస్కపోలేను గదా. నీ కాళ్ళు మొక్కుత, నవనీతతోని ఒక్కసారి అడిగియ్యి. ఆమెకు తప్ప ఎవలకు చెప్పదు.”

మగవాడు ఏడుస్తున్నాడు. ఉపేందర్ “సరే అన్నా, సరే” అంటున్నాడు. ఐలమ్మ చెరగడం ఆపింది. చేట పక్కన పెట్టింది. కాసేపు కొడుకునే చూస్తూ కూర్చుంది, జుట్టు నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ చూపు నవనీత గుమ్మంలోంచి చూసింది గానీ ఎందుకో తెలియలేదు. ఐలమ్మ లేచి లోపలికి పోయి తుమ్మకంపను ఒట్టి చేతులతో పట్టుకుని పక్కకు ఈడ్చింది. చేతికి ముళ్ళు దిగాయి. మెడలోంచి దారం తీసి తాళం తెరిచింది. కోడలి దగ్గరికి వచ్చి, మొదటిసారి అరవకుండా, ఆమె మణికట్టు పట్టుకుని ఆ గదిలోకి నడిపించింది.

కిటికీ తెరిచారు. దుమ్ము. మంచం మీద మడిచిన దుప్పటి అట్లాగే ఉంది. పగిలిన పెట్టెను ఊచల దగ్గర పెట్టి ఉపేందర్ ప్లగ్గు పెట్టాడు. ఎర్ర లైటు మినుకు మినుకుమని, చాలాసేపటికి తెల్లబడింది. నవనీత ఫోను ఊచలకు ఆనించింది.

అటు సైదులు ఫోను పట్టుకుని భార్య ముందుకు పెట్టాడు. భాగ్య చూడలేదు, తల వంచుకునే ఉంది. మొహం ఉబ్బిపోయింది, ముంజేతులు కమిలి నల్లబడ్డాయి. సైదులు గడ్డం పట్టుకుని మొహం ఎత్తాడు. ఆమె చూసింది. చూసి, చెయ్యి చాపి తెరను ముట్టుకుంది. తర్వాత రెండు చేతులూ పైకి లేచాయి.

“నువ్వు చచ్చిపోలేదా?”

“ఎవరు చెప్పారు నేను చచ్చానని?”

“ఎవరు చెప్తారు నాకు? నాకు చెప్పేవాళ్ళెవరున్నారు?” భాగ్య చేతులు తొందరపడుతున్నాయి. “ఫోన్లో నీ మొహం వచ్చింది, కదల్లేదు. మళ్ళీ వచ్చింది, కదల్లేదు. పోయినవాళ్ళ ఫొటో పెడతారే, అట్లా. ఇట్లాంటి ఒళ్ళు పెట్టుకుని నేనుంటే, నువ్వు బతికుంటే రాకుండా ఉంటావా? రాలేదంటే పోయావనే అనుకున్నా. నువ్వు లేకపోతే ఇక ఆ సూదులు నాకెందుకు?”

నవనీత ఏడుస్తూ జవాబు చెప్పింది. మామ పోయాడు, గది మూశారు, నన్ను రానివ్వలేదు. ఆ నక్షత్రం గొడవ చెప్పడానికి వాళ్ళ భాషలో సైగ లేదు. ఇద్దరూ కలిసి అప్పటికప్పుడు ఒకటి కట్టుకున్నారు. ఆ సైగ ఎంత వింతగా వచ్చిందో ఏమో, భాగ్య ఏడుపు మధ్యలోనే నవ్వింది. భుజాలు ఊగాయి. చూస్తున్న సైదులు బిత్తరపోయాడు, ఆ ఇంట్లో భార్య నవ్వు చూసి ఎన్నాళ్ళైందో. తర్వాత వాళ్ళు ఎంతసేపు మాట్లాడుకున్నారని! ఉపేందర్ వాళ్ళ సైగలు పట్టుకోవడం మానేసి గోడకు చేరగిలబడ్డాడు. చివర్లో నవనీత అతని వైపు తిరిగి చెప్పింది, అతను ఫోనులో గట్టిగా చెప్పాడు:

“అన్నా, దవాఖానకు వస్తనంటున్నది. ఇప్పుడే తీస్కపో.”

ఐలమ్మ గడప అవతలే నిలబడి ఉంది. ముళ్ళు దిగిన అరచేతిని కొంగుతో అదుముకుంటూ, అక్కాచెల్లెళ్ళ వైపు ఒక్కసారీ చూడకుండా, కొడుకునే చూస్తోంది.

ఆ తర్వాత గది మూయలేదు. రోజూ మాట్లాడుకున్నారు. అదెన్నాళ్ళు? నిండా ఒక వారం కూడా లేదు. మధ్యలో డయాలసిస్ తప్పిన దెబ్బ భాగ్య గుండె మీద పడిందని డాక్టర్లు చెప్పారు, చెయ్యగలిగింది చేశారు. ఒక పొద్దున సైదులు ఒట్టి ఫోన్ చేశాడు, వీడియో కాదు. ఉపేందర్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని భార్య వైపు చూశాడు. ఆ చూపుకు సైగ అక్కర్లేదు.

ఈసారి నవనీతను మిర్యాలగూడ పోవద్దని ఎవరూ అనలేదు. పోయింది. అక్క చేతులు గుండెల మీద పెట్టి కట్టేసి ఉంటే ఆ కట్టు విప్పమని గొడవ చేసింది. పిచ్చెత్తిందనుకున్నారు అక్కడివాళ్ళు. ఉపేందర్ ఆమెను పట్టుకుని పక్కకు తీసుకుపోవాల్సి వచ్చింది.

కర్మలయ్యాక కోదాడ తిరిగి వచ్చింది. వచ్చేసరికి ఐలమ్మ తన గుడ్డల మూటతో సహా వెనక గదిలోకి మారిపోయి ఉంది. గురవయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కనే గిన్నెలో అన్నం ఎండిపోయింది. ఉపేందర్ ఒక రోజు ముందే వచ్చాడు కాబట్టి అతనికి తెలుసు. భార్యకు చేతులతో చెప్పాడు. అమ్మ మాట వినడం లేదు, తాను గది తెరవబట్టే ఆ నక్షత్రం భాగ్యను మింగిందంటోంది, ఇంకా ఏమన్నా వచ్చేదుంటే తనకే రావాలని అక్కడ పడుకుందట.

నవనీత అది వింది, అంటే చూసింది. తెరవబట్టా? ఆమె లెక్కలో అక్కను చంపింది తెరవడం కాదు, మూయడం. దారి పొడుగునా బస్సులో ఆమె కడుపులో రగిలింది ఆ మాటే. చరచరా గదిలోకి పోయింది. అత్త భుజం పట్టుకుని తన వైపు తిప్పింది.

ఐలమ్మ లేచి కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కోడలి మొహం చూసింది. ఏదో అడగాలని నోరు తెరిచి, మూసింది. ఎన్నడూ కదలని చేతులు ఒళ్ళోంచి పైకి లేపింది. కిటికీ చూపించింది, ఇద్దరని రెండు వేళ్ళు చూపించింది, ఆ రెండు వేళ్ళను ఒకదాని వైపు ఒకటి ఆడించి, ఏంటన్నట్టు అరచేయి తిప్పింది. ఆ రోజు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?

నవనీత నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. నువ్వు చచ్చిపోలేదా అని అక్క అడగడం చెప్పింది. ఫొటోలాంటి మొహం సంగతి చెప్పింది. కొత్త సైగ, నవ్వు, నడిగూడెం గట్లు, మేనమామ, అమ్మ చేసే జొన్నరొట్టె, అక్క ఇక మళ్ళీ చెప్పని మాటలన్నీ చెప్పింది. ఐలమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కళ్ళు తిప్పలేదు, రెప్పవేస్తే ఏదన్నా పోతుందేమోనన్నట్టు చూసింది. చెప్పీ చెప్పీ నవనీత ఆ మాట దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి గాలిలోనే తలుపు మూసింది, గాలిలోనే తాళం వేసి తిప్పింది, వేలు తిన్నగా అత్త గుండెకేసి చూపించింది. నువ్వు. నీ తాళం చంపింది మా అక్కను.

ఐలమ్మకు అర్థమైంది అదొక్కటే. అవునని తల ఊపింది. ఏడవలేదు, కాదనలేదు, మొహం తిప్పుకోలేదు. మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది. నవనీత చేతులు కిందికి వాలిపోయాయి. ఇంకెవరికి చెప్పాలి ఆ చేతులతో? ఎంతసేపటికో వెళ్ళి ఆ కొసకు కూర్చుంది.

ఐలమ్మ ముళ్ళ గాట్లు మానని అరచేతిని గాలిలో గుండ్రంగా తిప్పింది. మళ్ళీ చెప్పు, మొదటి నుంచి.

నవనీత కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి తాళం మాట చెప్పలేదు.